ఉత్సవంలో విషం – కారుణ్యధర్మం

భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయంలో రాజససుఖలక్షణం చెప్పబడింది: ఆరంభంలో అమృతతుల్యం, పరిణామంలో విషతుల్యం. సంగీతోత్సవాలలో మాదకద్రవ్యం సేవించి మరణించిన యువజనుల విషయంలో ఆ పరిణామం వార్ధక్యం వరకు వేచి ఉండలేదు. కొన్ని గంటలలోనే వచ్చింది. అక్కడ విషం ఉపమానం కూడా కాదు.

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో 2017 డిసెంబరు, 2019 జనవరి మధ్య సంగీతోత్సవాలకు వెళ్లిన ఆరుగురు ఎండీఎంఏ అనే ద్రవ్యం వల్ల మరణించారు. వారి వయస్సు 18 నుండి 23 సంవత్సరాలు. ఆ మాత్రకు వ్యవహారనామం ఎక్‌స్టసీ, అనగా పారవశ్యం. సమాధిస్థితికి తగిన నామం ఒక మాత్రకు దక్కడం విచిత్రమే.

మాత్రలో ఏమున్నదో, ఎంత ఉన్నదో సేవించువానికి తెలియదు. కొన్నింట ఎండీఎంఏకు బదులు పీఎంఏ ఉంటుంది. దాని ప్రభావం విలంబంగా ఆరంభమవుతుంది కనుక, మొదటిది పనిచేయలేదనుకొని రెండవది మింగుతారు. వేసవి తాపంలో, జనసమ్మర్దంలో గంటల తరబడి నర్తించే దేహం అగ్నికుండమవుతుంది. కండరాలు శిథిలమై మూత్రపిండాలు విఫలమవుతాయి. దాహమని నీరు అతిగా త్రాగినా రక్తంలో సోడియం క్షీణించి మెదడు వాచే ప్రమాదముంది. యుక్తితో ప్రయోగిస్తే తీక్ష్ణవిషం కూడా ఔషధమవుతుందని చరకసంహిత చెప్పినది సత్యమే. కాని ద్రవ్యమూ మాత్రా రెండూ అజ్ఞాతమైనచోట యుక్తికి తావెక్కడ? ఇక శివుణ్ణి ప్రమాణంగా చూపేవారు ఆయన హాలాహలాన్ని వినోదార్థం స్వీకరించలేదని విస్మరిస్తారు.

ఇంతవరకు ఆస్తికులలో భిన్నాభిప్రాయముండదు. వివాదం తరువాత మొదలవుతుంది. ఆ ఆరు మరణాలను విచారించిన కరోనర్ హ్యారియట్ గ్రాహమ్, ఉత్సవాలలో మాత్రలను రసాయనికంగా పరీక్షించే ఏర్పాటు ఉండాలని, ద్వారాల వద్ద పోలీసు శునకాలను తొలగించాలని 2019 నవంబరులో సిఫారసు చేశారు. శునకాన్ని చూసి, దొరికిపోతామన్న భయంతో ఉన్నవన్నీ ఒక్కసారే మింగేవారున్నారు. దండనభయమే అక్కడ మృత్యుహేతువవుతుంది.

పరీక్ష పాపానికి అనుమతిపత్రమని కొందరు, ఎవరి కర్మఫలం వారిదని మరికొందరు అంటారు. మొదటి ఆక్షేపంలో కొంత బలముంది: ఆ ఆరుగురి ప్రాణాలు తీసినది ఎండీఎంఏయే కనుక, శుద్ధమైన మాత్ర నిరపాయమని ఏ పరీక్షా చెప్పరాదు. కాని కాన్‌బెర్రాలో 2018, 2019 సంవత్సరాలలో జరిగిన పరీక్షలలో కొన్ని నమూనాలు మరింత ప్రాణాంతక పదార్థాలుగా తేలాయి. ఆ మాట చెప్పగల వైద్యబృందం లేకుంటే అవి కడుపులోకే చేరేవి. రెండవ ఆక్షేపం మాత్రం కర్మసిద్ధాంతానికే అపచారం. ఆ సిద్ధాంతం స్వకర్మను పరీక్షించుకొనుటకు ఉన్నది. పడిపోతున్నవాని నుండి చేయి వెనుకకు తీసుకొనుటకు కాదు. పుట్టలో చేయి పెట్టినవానిని సర్పం కరిస్తే, ఎందుకు పెట్టావని విచారించిన తరువాత విరుగుడిచ్చే వైద్యుడుండడు. దుర్లభమైన నరజన్మ పందొమ్మిదవ ఏట ముగిసిపోతే, వైరాగ్యబోధ ఎవరికి?

న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం తొలుత ఆ సిఫారసును నిరాకరించి, 2025లో ప్రయోగాత్మకంగా పరీక్షలు ఆరంభించింది. అక్కడ విద్యాభ్యాసం చేస్తున్న తెలుగు బిడ్డల తల్లిదండ్రులు "ఆ మత్తు జోలికి పోకు నాయనా" అని చెప్పవలసిందే. దానితోపాటు మరొక మాట కూడా చెప్పాలి: "పక్కవాడి ఒళ్లు కాలిపోతున్నా, మాట తడబడుతున్నా వెంటనే 000కు ఫోను చెయ్యి. వాడు ఏం మింగాడో వైద్యుల దగ్గర దాచకు. మేమేమంటామో అని ఆలోచించకు."