విల్సను ఔదార్యము

2020వ సంవత్సరమున ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయమువారు తమ రాజనీతి విద్యాలయమునుండి ఉడ్రో విల్సను నామమును తొలగించిరి. అమెరికా దేశాధ్యక్షుడగుటకు పూర్వము, 1902 మొదలు 1910 వరకు, ఆయన ఆ విశ్వవిద్యాలయమునకే అధ్యక్షుడు. విల్సను నిజముగా ఉదారవాదియా, కాడా యను వివాదము దానితో మరల చెలరేగినది. ఇది అమెరికనుల ఇంటి తగవని మనము ఊరకుండుటకు వీలులేదు. ఆయన మాటను నమ్మి లేఖలు వ్రాసినవారిలో మనవారును గలరు.

శాసనములను చూచినచో ఆయనను ఉదారవాది కాడనుట కష్టము. 1913లో దిగుమతి సుంకములను తగ్గించి ఆదాయపు పన్నును విధించెను. 1914లో గుత్తవర్తకులను అదుపునందుంచుటకు క్లేటన్ చట్టమును, 1916లో రైల్వే కార్మికులకు ఎనిమిదిగంటల పనిదినమును తెచ్చెను. బాలకార్మిక నిషేధ చట్టముపై అదే యేట సంతకము చేసెను. దానిని 1918లో సుప్రీముకోర్టు కొట్టివేసినది గాని, ఆ దోషము ఆయనది కాదు. ధనికవర్గము ఎంత ప్రతిఘటించినను బ్రాండీసును ఆ న్యాయస్థానముననే న్యాయమూర్తిగా నియమించెను.

ఇట్టివాడే, 1913లో తన మంత్రులు ప్రభుత్వ కార్యాలయములలో నల్ల గుమాస్తాలను తెల్లవారినుండి వేరుపరచుచుండగా వలదనలేదు. మరుసటి యేడు ఉద్యోగార్థులు దరఖాస్తుతో ఛాయాచిత్రమును జతపరుపవలెనను నియమము వచ్చినది. ఆ చిత్రమెందులకో వేరుగా చెప్పనక్కరలేదు. 1914 నవంబరులో ట్రాటరను నల్లజాతి పత్రికాసంపాదకుడు వచ్చి ఈ అన్యాయమును ప్రశ్నింపగా, వేర్పాటు మీ మేలుకొరకే యని విల్సను సమాధానము చెప్పెను; పిమ్మట ట్రాటరు మాటతీరు తన్ను నొప్పించినదని కోపించి పంపివేసెను. మొర వినక, మొరపెట్టుకొనువాని గొంతునందే నేరమును వెదకు అధికారులను మనమును ఎరుగుదుము.

యుద్ధము వచ్చినపిమ్మట వాక్స్వాతంత్ర్యమునకును ఇదే గతి పట్టినది. 1918లో యుద్ధవ్యతిరేకోపన్యాసము చేసినందులకు సోషలిస్టు నాయకుడు యూజిన్ డెబ్స్‌కు పదియేండ్ల శిక్ష పడెను. యుద్ధము ముగిసినను విల్సను క్షమింపలేదు. ఉదారవాదియని యెవ్వరును పొగడని హార్డింగు 1921 డిసెంబరులో ఆయనను విడుదల చేసెను! గదరు పక్షమునకు చెందిన భారతీయులను సాన్‌ఫ్రాన్సిస్కోలో విచారించి శిక్షించినదియు విల్సను ప్రభుత్వమే.

ఈ రెండవ పట్టికను చూపి ఆయన ఉదారవాది కానేకాడని కొందరనుచున్నారు. మేమంగీకరింపజాలము. ఆయన కపటియైనచో విషయము సులభముగా తేలియుండెడిది. తన కాలపు ఉదారవాదమును ఆయన మనఃపూర్వకముగా నమ్మినవాడు. ఆ వాదమే ప్రజలు అను మాటకు ముందుగా ఒక గిరి గీసికొని యుండెను. గిరిలోపలివారికి ఎనిమిదిగంటల పని, వెలుపలివారికి వేరుగది. మన భాషలో ఉదారుడనగా ఇచ్చువాడు. ఎవరికిచ్చెనో, ఎవరికి లేదనెనో చూచినగాని ఆ బిరుదు నిలువదు. 1918లో కాంగ్రెసును వీడి లిబరల్ ఫెడరేషనును స్థాపించినవారిని మనవారు మితవాదులని పిలిచిరి. ఆ మాట విల్సనుకు మరింత అతుకునేమో!

మనకు తగిలిన సంగతి ఇక్కడనే యున్నది. 1917లో మదరాసునుండి సుబ్రహ్మణ్యయ్యరుగారు స్వపరిపాలన విషయమై విల్సనుకు లేఖ వ్రాసిరి. అది బయటపడి దొరలు మండిపడగా తమ బిరుదునే విసర్జించిరి. 1918 జనవరి 8న పదునాలుగు సూత్రములు వెలువడినవి. ఫిబ్రవరిలో స్వయంనిర్ణయమను మాటను విల్సనే పలికెను. దానిని కైరోలో, సియోలులో, పూనాలో జనులు తమకొరకే పలికినట్లు వినిరి. 1919లో తిలక్ మహాశయులు వ్రాసిన లేఖకు, తగినవారు సకాలమున విచారింతురని కార్యదర్శిచేత ప్రత్యుత్తరము వచ్చినది. ఆ ఏప్రిలులోనే ఈజిప్టుపై బ్రిటిషువారి రక్షణాధికారమును అమెరికా అంగీకరించినది.

అదే నెల 11వ తేదీన, జాతుల సమానత్వమును నానాజాతి సమితి నిబంధనావళియందు చేర్పవలెనని పారిసులో జపాను ప్రతిపాదించెను. పదునేడుగురిలో పదునొకరు అనుకూలముగా వోటు చేసిరి. అధ్యక్షపీఠముననున్న విల్సను, ఏకగ్రీవము కాలేదు గనుక ప్రతిపాదన నెగ్గలేదని ప్రకటించెను.