ఊరికే మోగే గంట



ఈ నెల ఒక ఇంటి సంగతితో మొదలుపెడతాను. గుడివాడలో మా సంఘానికి చెందిన ఒక పెద్దమ్మ ఉన్నారు. భర్త ప్రభువు పిలుపునందుకొన్నారు, కుమారుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. అమ్మ ఒంటరిగా ఉంటుందన్న దిగులుతో అతడు వరండాలో ఒక కెమెరా పెట్టించాడు. ఏదైనా కదిలితే అతని సెల్‌ఫోనుకు గంట కొడుతుంది. మొదటి వారం రాత్రంతా అది మోగుతూనే ఉంది. లేచి చూస్తే దొంగా లేడు, దొరా లేడు. నిద్ర లేక విసిగిపోయి పదో రోజున ఆ గంట నోరు నొక్కేశాడు.

నవంబరులో ఒక తెల్లవారుజామున ఆ తల్లి కుళాయి దగ్గర నాచు మీద కాలు జారి పడ్డారు. లేవలేకపోయారు. పాలబ్బాయి వచ్చేదాకా గంటకు పైగా చలిలో అలాగే ఉన్నారు. తుంటి ఎముక విరిగింది. దేవుని కృపవలన ఆపరేషను బాగా జరిగి ఇప్పుడు చేతికర్రతో ఆరాధనకు వస్తున్నారు.

ఆస్పత్రి వరండాలో ఆ కుమారుడు తన ఫోను నా చేతిలో పెట్టాడు. “చూడండి అయ్యగారూ, 4 గంటల 52 నిమిషాలకు కెమెరా నాకు చెప్పింది. నేనే వినలేదు” అని ఏడ్చాడు. “తమ్ముడూ, నువ్వు అమ్మను మరచిపోలేదు. మోసపోయి మోసపోయి చెవి మూసుకొన్నావు” అన్నాను. ఆ రాత్రి అతనికి వచ్చిన హెచ్చరికలు మొత్తం 63. తరువాత ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, ఇలాంటి పని తెలిసిన మా యౌవనస్థుడు ఒకణ్ణి వెంటబెట్టుకొని వారింట్లో కూర్చుని, ఆ 63నూ ఒక్కొక్కటే తెరిచి చూశాం. పురుగులు 31. కొబ్బరి మట్ట ఊగినవి 17. రోడ్డు మీది లారీల దీపాలు గోడమీద పడినవి 9. పిల్లి 5. అమ్మ 1.

ఆ ఒక్కటి మిగతా 62 కింద పూడిపోయింది.

ఇది ఆ ఒక్క ఇంటి కష్టం కాదు. బందరులో, దివిసీమలో పిల్లలు దూరదేశాలకు వెళ్లిన ఇళ్లన్నిటా ఇప్పుడు కెమెరాలున్నాయి. కనుక మేము చేసిన మార్పులు మీకు కూడా చెబుతాను.

మొదట దాని స్వభావం తెలుసుకోవాలి. చాలా కెమెరాలకు మనిషెవరో, మట్టెవరో తెలియదు. ఇప్పటి బొమ్మను ఇంతకుముందు బొమ్మతో పోల్చి చూస్తాయి. చుక్కలు మారితే కదలిక అనుకొంటాయి. నీడ మారినా, వాన పడినా, దీపం వెలిగినా వాటికి ఒకటే. మరికొన్ని ఒంటి వేడిని పసిగడతాయి. ఇవి కొంత మేలు. కాని మన మే నెల ఎండల్లో గాలి వేడి మనిషి ఒంటి వేడితో సమానమైనప్పుడు వీటికి తేడా సరిగా తెలియదు. పైగా మనిషి అడ్డంగా నడిస్తే పట్టుకొన్నంత బాగా, ఎదురుగా వస్తే పట్టుకోలేవు.

అందుచేత మొదటి మార్పు స్థలం. ఎనిమిది తొమ్మిది అడుగుల ఎత్తున, కొంచెం కిందికి వంచి, గేటునుండి గుమ్మానికి వచ్చేవారు దాని ముందు అడ్డంగా నడిచేటట్లు పెట్టాం. ఆకాశము, రోడ్డు, పొద్దు పొడిచే దిక్కు కనబడకుండా చూశాం.

రెండవది హద్దు. కెమెరా ఎక్కడ కదలికను లెక్కించాలో ఫోనులో గీత గీసి చూపవచ్చు. కొబ్బరిచెట్టును, రోడ్డును, పక్కింటి గోడను ఆ గీతకు బయట వదిలి, మెట్లు, గేటు, కుళాయి గట్టు లోపల ఉంచాం.

మూడవది రాత్రి వెలుగు. చీకట్లో చూడటానికి కెమెరా మన కంటికి కనిపించని పరారుణ కాంతిని వేస్తుంది. దానికి దగ్గరగా ఎగిరే చిన్న పురుగు కూడా తెల్లగా, పిట్టంత పెద్దగా కనబడుతుంది. మన డెల్టాలో వరి కోతల ముందు పచ్చదోమ దీపాల చుట్టూ ఎలా ముసురుతుందో మీకు తెలుసు. ఆ ఇంట్లో ట్యూబులైటు సరిగ్గా కెమెరా పక్కనే ఉంది. దాన్ని తీసి, దూరంగా గేటు దగ్గర పసుపు వెలుగు బల్బు పెట్టాం. పసుపు వెలుగుకు పురుగులు తక్కువ చేరుతాయి. ఆ వెలుగు చాలినందున పరారుణ దీపం ఆర్పేశాం. అద్దం ముందు సాలెగూడు ఉంది, దులిపాం. వారానికొకసారి మెత్తని పొడిగుడ్డతో తుడవమని చెప్పాం.

నాలుగవది, మనిషిని గుర్తుపట్టే సదుపాయం. ఈమధ్య వచ్చే చాలా కెమెరాలలో అది ఉంటుంది. దాన్ని తెరిచి, మనిషి కనబడితేనే గంట కొట్టేలా చేశాం. రికార్డింగు మాత్రం ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. సున్నితత్వం ఒకేసారి తగ్గించకుండా మెట్టు మెట్టుగా తగ్గించాం. తగ్గించిన ప్రతిసారీ పగలొకసారి, రాత్రొకసారి ఆ తల్లినే చేతికర్రతో నడిపించి చూశాం. కుర్రవాడి పరుగును పట్టుకొనే కెమెరా ముసలమ్మ మెల్లని అడుగును వదిలేయవచ్చు. దొంగను పట్టాలన్న తొందరలో మనం ఎవరికోసం కెమెరా పెట్టామో మరచిపోకూడదు.

మూడవ రోజు రాత్రి ఫోను నాలుగుసార్లే మోగింది. నాలుగుసార్లూ మనుషులే.

ఇంకో మాట. నేల మీద పడి ఉన్న మనిషిని కెమెరా మనిషిగా గుర్తించకపోవచ్చు. కరెంటు పోవచ్చు, ఇంటర్నెట్టు పోవచ్చు. కాబట్టి ఆ కుమారుడు ఇప్పుడు ఉదయం ఆరింటికి, రాత్రి తొమ్మిదింటికి తల్లికి ఫోను చేస్తున్నాడు. ఆమె ఎత్తకపోతే ఎదురింటివారు వెళ్లి చూస్తారు, వారి దగ్గర ఒక తాళంచెవి ఉంది. కెమెరాతో వచ్చిన పాత పాస్‌వర్డు కూడా మార్చాడు. పొరుగువారి వాకిలి మన కెమెరాలో పడకుండా చూడటం కూడా పొరుగువానిని ప్రేమించడంలో భాగమే.

ప్రియులారా, హెచ్చరిక విలువ మన ప్రాంతానికి ఒకరు నేర్పనక్కరలేదు. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. ప్రభుత్వ లెక్కప్రకారమే పదివేలమంది వరకు చనిపోయారు. హెచ్చరిక చేరని ఊళ్లు, చేరినా కదలని ఇళ్లు ఎన్నో ఉన్నాయని మా పెద్దలు చెప్పేవారు. మళ్లీ 1990 మే 9న అంతటి బలమైన తుఫానే కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటింది. ఈసారి ముందుగా కేక వేశారు, లక్షకు పైగా జనాన్ని తరలించారు. మృతుల సంఖ్య వెయ్యిలోపు ఉంది. అది కూడా చిన్న దుఃఖం కాదు. కాని రెండిటి మధ్య తేడా చూడండి. విన్న హెచ్చరిక అన్ని వేల ప్రాణాలను కాపాడగలదు.

బందరు రేవులో ఎగరేసే తుఫాను గుర్తులు కూడా గమనించండి. ప్రతి గాలికీ పదో నంబరు ఎగరేయరు. ఒకటి అంటే దూరాన సముద్రంలో ఏదో ఉందని. మూడు అంటే జాగ్రత్త అని. పది అంటే మహా ప్రమాదమని. పదకొండు అంటే వాతావరణ కేంద్రంతో సంబంధమే తెగిపోయిందని. చిన్నదాన్ని చిన్నదిగా చెబుతారు కాబట్టే, పెద్దది చెప్పిన నాడు బెస్తపాలెంలో పడవలు ఒడ్డుకు చేరుతాయి.

మన ఇళ్లలో మనమేం చేస్తున్నాం? గ్లాసు పడినా పదో నంబరు, మార్కులు తగ్గినా పదో నంబరు, పిల్లవాడు ఆలస్యంగా లేచినా పదో నంబరు. చివరికి నిజంగా వాడు గోతివైపు నడుస్తున్న రోజున మనం కేక వేస్తే, “అమ్మ ఎప్పుడూ అంతేలే” అని తలుపు వేసుకొంటాడు. ఇది తల్లిదండ్రులను నిందించడానికి రాయటంలేదు. కాపరినైన నేనూ ఆ తప్పు చేశాను. ప్రతి ఆదివారం ప్రతి చిన్నదానికీ గద్దించి గద్దించి, ఒక కుటుంబం నిజంగా విరిగిపోతున్నప్పుడు నేను చెప్పిన మాట వారి చెవికెక్కలేదు.

యెహెజ్కేలు గ్రంథము 33వ అధ్యాయములో దేవుడు ప్రవక్తను కావలివానిగా నిలిపాడు. ఖడ్గము వచ్చుట చూచి కూడ బూర ఊదనివాడు దోషి అని అక్కడ చదువుతాము. ఆ కావలివాడు చూచి ఊదవలసినవాడు. చూడకుండా ఊదేవాడు కావలివాడు కాడు. అలాగే మార్కు సువార్త 13వ అధ్యాయములో మన ప్రభువు మెలకువగా ఉండమని ఆజ్ఞాపించాడు. మెలకువ వేరు, బెదురు వేరు. మెలకువగలవాడు ఆకు చప్పుడుకు లేవడు, యజమానుని అడుగుల చప్పుడుకు లేస్తాడు.

మన మనస్సాక్షి కూడా దేవుడు మన వరండాలో పెట్టిన కావలి. దాన్ని పదే పదే నొక్కేస్తే మూగబోతుంది. ప్రతి నీడకూ భయపడనిస్తే అలసిపోతుంది. వాక్యమనే హద్దు గీసి, ప్రార్థనతో అద్దం తుడుస్తూ ఉంటే సరిగా పలుకుతుంది. పేతురుకు ఆ రాత్రి ఒక్క కోడికూత చాలింది. బయటికి వెళ్లి ఏడ్చాడు, తిరిగి నిలబడ్డాడు.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో ఒక పని చేయండి. “ఈ వారంలో నేను ఊరికే వేసిన కేక ఏది? నేను వినకుండా నొక్కేసిన కేక ఏది?” అని పెద్దలే మొదట తమను తాము అడుగుకొని పిల్లలయెదుట ఒప్పుకోండి. ఊళ్లో ఒంటరిగా ఉన్న తల్లిదండ్రులు మీకుంటే, ఈ పుస్తకం మూసి ముందు వారికి ఫోను చేయండి.

కునుకని, నిద్రపోని మన దేవుడు మీ గుమ్మములను, మీ వృద్ధులను, మీ పిల్లలను కాపాడును గాక. ఆమేన్.