పరాయి గడ్డపై అంగడి ఎవరి పేరున?

విదేశాలలో స్థిరపడిన నైజీరియన్లకు చిన్న వ్యాపారాలలో ఎన్నో అవకాశాలున్నాయన్న మాట తరచుగా వినిపిస్తూ ఉంటుంది. జడలల్లే సెలూను, పెళ్ళిళ్ళకూ పుట్టినరోజులకూ జొలొఫ్ అన్నం వండి అందించే పని, పామాయిలు, ఎండుచేపలు, కర్రపెండలంతో చేసిన గరి అమ్మే కొట్టు, అంకారా బట్టల వ్యాపారం, సవరాలు, విగ్గుల అమ్మకం, పసిపిల్లల సంరక్షణ. జాబితా కాస్త అటూ ఇటుగా ఇదే. ఇందులో చాలా భాగం స్త్రీలు ఇంట్లో జీతం లేకుండా చేస్తూ వచ్చిన పనులే. వాటికి బజారులో వెల దొరుకుతోందంటే సంతోషించవలసిందే. కానీ ఈ అవకాశాల గురించి చెప్పేవాళ్ళు పెట్టుబడి, చొరవ, లాభం గురించి చెబుతారు గానీ మూడు ప్రశ్నలు అడగరు. ఆ దేశంలో వ్యాపారం చేసుకునే హక్కు ఆమెకుందా? అంగడి ఎవరి పేరున ఉంటుంది? అక్కడికి చేరడానికి ఆమె ఎవరికి అప్పుపడింది?

ఈ ప్రశ్నలు మనకు దూరమైనవి కావు. గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి కువైట్‌కు ఇంటిపనికి వెళ్ళే స్త్రీలూ, భర్తల వెంట అమెరికా వెళ్ళిన చదువుకున్న అమ్మాయిలూ ఇవే ప్రశ్నల మధ్య బతుకుతున్నారు. అందుకే నైజీరియన్ స్త్రీల అనుభవాన్ని వివరంగా చూడాలి.

పశ్చిమాఫ్రికాలో బజారు చాలా వరకు స్త్రీలది. యొరూబా పట్టణాలలో బజారు స్త్రీల పెద్దను ‘ఇయాలోజా’, అంటే బజారు తల్లి అంటారు. ఈ వ్యాపారులు రాజకీయ శక్తి కూడా. పురుషుల మీద అప్పటికే ఉన్న పన్ను తమ మీద కూడా పడబోతోందన్న ఆందోళనతో, పామాయిలు ధరలు పడిపోతున్న కాలంలో, 1929 చివర ఆగ్నేయ నైజీరియాలో వేలాదిమంది స్త్రీలు బ్రిటిష్ పాలన మీద తిరగబడ్డారు. కాల్పులలో యాభైమందికి పైగా స్త్రీలు చనిపోయారు. వలస ప్రభుత్వం దాన్ని ‘ఆబా అల్లర్లు’ అని రాసుకుంది. స్త్రీలు మాత్రం దాన్ని యుద్ధమన్నారు. 1940లలో అబెయొకుటాలో ఫున్మిలాయో రాన్సమ్-కుటి నాయకత్వాన బజారు స్త్రీలు పన్నులకు వ్యతిరేకంగా పోరాడి, 1949లో అక్కడి రాజు గద్దె దిగేలా చేశారు. ఇంతటి చరిత్ర ఉన్న స్త్రీలకు వ్యాపారం ఎలా చేయాలో ఎవరూ కొత్తగా నేర్పనక్కరలేదు.

వీళ్ళ పెట్టుబడి కూడా బ్యాంకుల నుంచి వచ్చింది కాదు. యొరూబాలు ‘ఎసుసు’ అనే పద్ధతి మనకు తెలిసిన చీటీ లాంటిదే. కొందరు కలిసి వారానికో నెలకో ఇంత అని వేసుకుని, వంతుల వారీగా ఒక్కొక్కరు మొత్తం తీసుకుంటారు. పాట ఉండదు, వడ్డీ ఉండదు. బానిసలుగా అట్లాంటిక్ దాటించబడిన వాళ్ళతో పాటు ఈ పద్ధతి కరీబియన్‌కూ చేరింది. ట్రినిడాడ్‌లో దాన్ని ఇప్పటికీ ‘సుసు’ అంటారు. పరాయి దేశంలో అప్పు పుట్టని స్త్రీకి కొట్టు అద్దెకూ మొదటి సరుకుకూ ఇదే ఆధారమవుతుంది. అయితే ఇందులో నమ్మకం ఎంత గొప్పదో రక్షణ అంత తక్కువ. చీటీ ఎత్తుకున్న మనిషి మాయమైతే ఏమవుతుందో మన బస్తీల స్త్రీలకు వేరే చెప్పనక్కరలేదు.

మరి ఇంత బలమైన బజారును వదిలి ఎందుకు వెళుతున్నారు? 1986లో ఐఎమ్‌ఎఫ్, ప్రపంచబ్యాంకుల విధానాలకు అనుగుణంగా నైజీరియాలో వ్యవస్థాగత సర్దుబాటు కార్యక్రమం అమలైంది. నైరా విలువ పడిపోయింది. టీచర్ల, నర్సుల జీతాలు ఎందుకూ చాలకుండా పోయాయి. 2023 జూన్‌లో మారకపు రేటు మీద అదుపు సడలించాక నైరా మళ్ళీ కూలింది. దేశం విడిచి పోవడానికి యువతరం వాడే ‘జాపా’ అన్న యొరూబా మాటకు పారిపోవడమని అర్థం. ఇలా వెళ్ళినవాళ్ళు పంపే డబ్బు ఏటా సుమారు 2,000 కోట్ల డాలర్లని అంచనా. సహారా దిగువ ఆఫ్రికాకు 200 డాలర్లు పంపితే సగటున 8 శాతం దాకా ఖర్చులకే పోతుంది. జడలల్లి సంపాదించిన డబ్బులో మొదటి వాటా ఇలా మధ్యవర్తులది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. వ్యాపారం చేసే హక్కు ఎవరికుంది? బ్రిటన్‌లో విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్ళు స్వయం ఉపాధి చేసుకోకూడదు. ఉద్యోగ వీసా మీద వెళ్ళిన నర్సు, వృద్ధుల సంరక్షణ చేసే కార్మికురాలు కూడా తన పేరున కొట్టు నడుపుకోవడానికి వీల్లేదు. కానీ ఆమె మీద ఆధారపడి వెళ్ళిన భర్త మాత్రం స్వయం ఉపాధి చేసుకోవచ్చు. దీని పర్యవసానం ఊహించడం కష్టం కాదు. చీటీ ఆమెది, చేతిపని ఆమెది, రాత్రి డ్యూటీ జీతం ఆమెది. అంగడి మాత్రం అతని పేరున ఉంటుంది. కాపురం నిలిచినంత కాలం ఇది ఒక సర్దుబాటులా కనిపిస్తుంది. కాపురం విరిగిన రోజున తన శ్రమకు ఆమె దగ్గర ఒక్క కాగితం కూడా ఉండదు. పితృస్వామ్యం ప్రతిసారీ ఆచారం రూపంలోనే రానక్కరలేదు. వీసా నిబంధన రూపంలో కూడా వస్తుంది.

భార్యే ఆధారపడిన మనిషిగా వెళితే పరిస్థితి తిరగబడుతుంది గానీ మెరుగుపడదు. పని చేసుకోవచ్చు, కొట్టు పెట్టుకోవచ్చు. కానీ ఆ దేశంలో ఉండే హక్కే భర్త వీసా మీద ఆధారపడి ఉంటుంది. కొట్టాడని ఫిర్యాదు చేస్తే అంగడితో పాటు దేశం కూడా వదలవలసి రావచ్చునన్న భయం. ఇలాంటి వీసాలవారికి ప్రభుత్వ సహాయ నిధులు అందవు. 1979లో ఏర్పడిన సౌతాల్ బ్లాక్ సిస్టర్స్ వంటి సంస్థలు ఏళ్ళ తరబడి పోరాడగా, 2024 ఫిబ్రవరిలో తాత్కాలిక ఉద్యోగుల, విద్యార్థుల భార్యలకు కూడా గృహహింస సందర్భంలో మూడు నెలల వెసులుబాటు దొరికింది. మూడు నెలల తరవాత ఏం చేయాలన్నది ఇంకా తేలని ప్రశ్న. మరోవైపు అదే ఏడాది జనవరి నుంచి చాలామంది విదేశీ విద్యార్థులు, మార్చి నుంచి సంరక్షణ కార్మికులు కుటుంబాన్ని వెంట తెచ్చుకోకుండా నిషేధించారు. ఇతరుల తల్లిదండ్రులను చూసుకునే స్త్రీ తన పిల్లలను లాగోస్‌లో వదిలి వెళ్ళవలసి వచ్చింది.

అమెరికాలో అడ్డంకి లైసెన్సు రూపంలో వచ్చింది. జడలల్లడంలో రసాయనాలు లేవు, కత్తెర కూడా దాదాపు లేదు. అయినా చాలా రాష్ట్రాలు పూర్తి సౌందర్య శిక్షణ లైసెన్సు కావాలన్నాయి. యూటా రాష్ట్రంలో అప్పట్లో ఆ శిక్షణ 2,000 గంటలు. సియెర్రా లియోన్ నుంచి వెళ్ళిన ఒక యువతి కోర్టుకెక్కగా, ఆ నిబంధన జడలల్లే పనికి సంబంధం లేనిదని 2012లో ఫెడరల్ కోర్టు కొట్టేసింది. ఇలాంటి పోరాటాల వల్ల ఇప్పుడు సగానికి పైగా రాష్ట్రాలలో ఈ పనికి ఆ లైసెన్సు అక్కరలేదు. తల్లి దగ్గర నేర్చుకున్న నైపుణ్యాన్ని నైపుణ్యమని చట్టం చేత ఒప్పించడానికి కూడా స్త్రీలు కోర్టులకెక్కవలసి వచ్చింది.

ఈ వివక్ష తెల్లవాళ్ళ దేశాలకే పరిమితం కాదు. 1969 నవంబరులో ఘానా ప్రభుత్వం నివాస పత్రాలు లేని విదేశీయులు రెండు వారాలలో వెళ్ళిపోవాలని ఆదేశించింది. తరాలుగా అక్కడ బజార్లలో ఉన్న యొరూబా వ్యాపారులు సరుకు వదిలి నడిచారు. 1983లో నైజీరియా ప్రభుత్వమే, ప్రధానంగా ఘానా వారితో కూడిన పది లక్షలకు పైగా వలసజీవులను వెళ్ళగొట్టింది. 2013లో ఘానా చేసిన చట్టం బజారులో చిల్లర వ్యాపారాన్ని స్వదేశీయులకే కేటాయించి, విదేశీ వర్తక సంస్థకు కనీసం పది లక్షల డాలర్ల పెట్టుబడి ఉండాలంది. బుట్టలో సరుకుతో మొదలుపెట్టే స్త్రీకి ఈ చట్టంలో చోటెక్కడ?

ఇక అప్పు. నైజీరియాలోని ఎడో రాష్ట్రం నుంచి 1980ల చివరి నుంచీ యువతులను ఇటలీకి తీసుకువెళ్ళే ముఠాలు వాళ్ళకు చూపే ఎర కూడా ‘అవకాశమే’. సెలూనులో పని ఇప్పిస్తాం, తరవాత నీ సొంత సెలూను పెట్టుకోవచ్చంటారు. గుడిలో ఒట్టు వేయించి, చేరాక వేలాది యూరోల అప్పు చూపించి వ్యభిచారంలోకి దించుతారు. 2016లో సముద్రం దాటి ఇటలీ చేరిన నైజీరియన్ స్త్రీలు సుమారు 11,000 మంది. వారిలో 80 శాతం ఇలా రవాణా అవుతున్నవారే కావచ్చునని అంతర్జాతీయ వలస సంస్థ అంచనా వేసింది. 2018 మార్చిలో బెనిన్ రాజు ఈ ఒట్లన్నీ చెల్లవని బహిరంగంగా ప్రకటించాడు. ఒట్టు పోయింది గానీ, స్త్రీ సొంతంగా, చట్టబద్ధంగా వెళ్ళే దారి ఏర్పడలేదు. ఆ దారి లేనంత కాలం ముఠాలకు పని ఉంటూనే ఉంటుంది.

మన వైపు చూసుకుందాం. హెచ్-4 వీసా మీద అమెరికా వెళ్ళిన భార్యలకు 2015 మే వరకు చట్టబద్ధంగా రూపాయి సంపాదించే హక్కు లేదు. ఆ తరవాత కూడా అది భర్త గ్రీన్‌కార్డు ప్రక్రియ ఒక దశకు చేరిన వాళ్ళకే దొరికింది. పచ్చళ్ళు, దోసెల పిండి అమ్ముకునే మన అమ్మాయికీ జొలొఫ్ వండే లాగోస్ అమ్మాయికీ కష్టం ఒకటే. అయినా మన దగ్గరికి వచ్చిన ఆఫ్రికన్ స్త్రీలను మనం ఎలా చూశాం? 2014 జనవరిలో ఢిల్లీ ఖిర్కీలో ఒక మంత్రి వెంట వచ్చిన గుంపు అర్ధరాత్రి తమను నిర్బంధించిందని, బలవంతంగా పరీక్షలు చేయించిందని ఆఫ్రికన్ స్త్రీలు ఫిర్యాదు చేశారు. తిరుమలలో మొక్కుగా ఇచ్చిన తలనీలాలు వేలంలో అమ్ముడై ఖండాలు దాటుతాయి. లాగోస్ సవరాల అంగళ్ళలో ‘ఇండియన్ హెయిర్’కు గిరాకీ ఉంది. వెంట్రుకలకు అడ్డురాని సరిహద్దు మనిషికి మాత్రం అడ్డొస్తోంది.

చిన్న వ్యాపారం స్త్రీలకు అక్కరలేదని మనం అనడం లేదు. చేతిలో తన డబ్బు ఉన్న స్త్రీ మాట ఇంట్లో చెల్లుతుంది. కానీ హక్కులు లేని చోట అవకాశం అప్పుగా మారుతుందని సూక్ష్మరుణ సంస్థల ఒత్తిడికి ఆత్మహత్యలు జరిగి, 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చినప్పుడే మనం చూశాం.

కాబట్టి మహిళా సంఘాలు అడగవలసినవి కొన్ని ఉన్నాయి. వలస వెళ్ళిన స్త్రీ నివాస హక్కును భర్త వీసా నుంచి విడదీయాలి. ఉద్యోగం మీద వెళ్ళిన స్త్రీకి తన పేరున చిన్న వ్యాపారం నడుపుకునే హక్కు ఇవ్వాలి. హింస నుంచి బయటపడిన స్త్రీకి వీసా ఏదైనా ఆశ్రయం, జీవనాధారం దొరకాలి. రవాణా బాధితులను నేరస్థులుగా చూసి తిప్పి పంపడం మానాలి. ఇక విదేశీ ఉపాధికి వెళ్ళే స్త్రీలకు శిక్షణ ఇస్తున్న మన మిత్ర సంస్థలకు ఒక విన్నపం. మొదటి రోజు తరగతిని లాభనష్టాల లెక్కతో మొదలుపెట్టకండి. వీసా కాగితంలో ఏం రాసి ఉంది, కొట్టు ఒప్పందం మీద ఎవరి సంతకం ఉంటుంది, అప్పు ఎవరి దగ్గర ఎంతకు తెచ్చారు అన్నవి ముందు కూర్చుని చదివించండి.