రక్తంలో ఫాస్ఫేటు పెరిగితే...



ఎముకలకు గట్టిదనమిచ్చేది కాల్షియం ఒక్కటే కాదు, దానికి ఫాస్ఫేటు కూడా తోడు కావాలి. మన శరీరంలోని భాస్వరంలో దాదాపు 85 శాతం ఎముకలలోను, పళ్ళలోను ఉంటుంది. రక్తంలో ఉండేది కొద్దిపాటే. పెద్దవారిలో 100 మి.లీ.కు 2.5 నుండి 4.5 మిల్లీగ్రాములు ఉండడం సహజం. పిల్లలలో ఇంకొంచెం ఎక్కువ ఉంటుంది.

పాలు, పప్పులు, చేపలు, మాంసం ద్వారా రోజూ ఫాస్ఫేటు లోపలికి వస్తుంది. మిగులును మూత్రపిండాలు బయటకు పంపుతాయి. ఎంత పంపాలో వాటికి కబురు చేసేవి ముఖ్యంగా ఎముకలే! అవి తయారుచేసే ఎఫ్.జి.ఎఫ్.23 అనే హార్మోను, మూత్రపిండాలలోని క్లోతో అనే ప్రోటీను సాయంతో పని చేస్తుంది. క్లోతో జన్యువును 1997లో జపాను శాస్త్రజ్ఞులు వెల్లడించారు. అది దెబ్బతిన్న ఎలుకలు చిన్న వయసులోనే ముసలివైపోయాయి.

మూత్రపిండాలు బాగా చెడినప్పుడు కబురు అందినా పంపే శక్తి వాటికి ఉండదు. పెద్దవారిలో ఫాస్ఫేటు పెరగడానికి ఎక్కువగా కారణం ఇదే. అప్పుడు ఎముకలు బలహీనపడతాయి, రక్తనాళాలు గట్టిపడతాయి, దురద కూడా బాధిస్తుంది.

చాలా అరుదుగా, మూత్రపిండాలు బాగున్నా ఫాస్ఫేటు పెరుగుతుంది. గాల్‌ఎన్‌టి3 అనే జన్యువులో లోపముంటే ఆ హార్మోను పని చేయకముందే తెగిపోతుంది. అందువల్ల తుంటి, భుజం, మోచేయి దగ్గర సున్నపు గడ్డలు కడతాయి. కోసి తీసినా మళ్ళీ రావచ్చు.

ఇటువంటి బిడ్డ పుట్టినప్పుడు కోడలిని నిందించే ఇళ్ళున్నాయి. అది అన్యాయమని మేము గట్టిగా చెప్పదలచుకున్నాము. లోపమున్న జన్యువు తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి రెండూ చేరితేనే ఈ జబ్బు వస్తుంది. ఆ తల్లిదండ్రులిద్దరూ ఆరోగ్యంగానే ఉంటారు. ప్రతి కాన్పులోను జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మేనరికాలలో ఇద్దరిలోను ఒకే లోపం ఉండే అవకాశం హెచ్చు గనుక, పెళ్ళి నిశ్చయించే ముందే పెద్దలు ఆలోచించాలి.

బిడ్డకు కీళ్ళ దగ్గర గట్టి గడ్డ కనిపిస్తే, ఆపరేషనుకు ముందే రక్తంలో ఫాస్ఫేటు పరీక్ష గురించి డాక్టరును అడగండి. డయాలసిస్ చేయించుకునేవారు ఫాస్ఫేటును పట్టి ఉంచే మాత్రలను భోజనంతోనే వేసుకోవాలి. అవి అన్నంలోని ఫాస్ఫేటును కడుపులోనే పట్టుకుంటాయి, ఖాళీ కడుపున మింగితే ఆ మేలు దక్కదు. కూల్‌డ్రింకులు, డబ్బా మాంసం మానండి. పప్పు, పాలు ఎంత తీసుకోవాలో మాత్రం డాక్టరునడిగే నిర్ణయించుకోండి.