పద్దుల్లో మిగిలిన పేర్లు

మారిషస్‌లోని మోకాలో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ ఉంది. కోరంగి రేవులో ఓడెక్కి చెరకు తోటల్లో కూలికి కుదిరిన తెలుగువాళ్ల మునిమనవలు అక్కడ పాత రిజిస్టర్లు వెతికించుకుంటారు. పేరు, తండ్రి పేరు, ఊరు, వయసు, ఎత్తు. కొందరికైతే ఫొటో కూడా. 1835లో అక్కడ బానిసత్వం రద్దయ్యాక తోటలకు మనుషులు కావలసి వచ్చారు. పారిపోతే పట్టుకోవడానికి రాసుకున్న ఆనవాళ్లే ఇవాళ వాళ్లకు వంశవృక్షం.

సముద్రం దాటనివాళ్లకు ఆ పాటి ఆధారమూ లేదు. బూర్గంపాడులో మా ఇంట్లో తాత పేరు తెలుసు, ఆయన తండ్రి పేరూ తెలుసు. అంతకు పైన "దొరగారి జీతగాడు" అన్న మాటొక్కటే. పెళ్లికని తెచ్చిన అప్పుకు వేలిముద్ర వేసి భాగేలాగా చేరితే, తెల్లారకముందు కొట్టంలో పేడ ఎత్తడం నుంచి రాత్రి చేను కాపలా దాకా అంతా వడ్డీ కిందికే పోయేది. తండ్రి మంచాన పడితే కొడుకు వెళ్లేవాడు. వేలిముద్ర పడ్డ కాగితం మాత్రం దొర పెట్టెలోనే ఉండేది.

చట్టాలకేం కొదవ లేదు. కంపెనీ సర్కారు తన ఏలుబడిలో బానిసల మీద యజమానుల హక్కు చెల్లదని 1843లోనే చెప్పింది. 1860లో భద్రాచలం తాలూకా ఇంగ్లీషువాళ్ల కిందికి పోయింది. గోదావరికి ఇవతల బూర్గంపాడు నిజాం కిందే ఉండిపోయింది. మరి అవతలి ఒడ్డున అప్పువెట్టి ఆగిందా? ఆగివుంటే 1940లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీలో దాన్ని రద్దు చేస్తూ రెగ్యులేషన్ తేవలసిన పనేముంది? ఇవతల నిజాం సర్కారు 1943లో భాగేలా ఒప్పందాల మీద చట్టం చేసింది. కలప వ్యాపారుల అప్పుల్లో కొండరెడ్లు ఎలా చిక్కుకున్నారో మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1945 నాటి పుస్తకంలో రాశాడు. దేశమంతటా వెట్టి రద్దయింది 1975 అక్టోబరు 25న.

మా పత్రికకు సమీక్ష కోసం వంశచరిత్రలు వస్తుంటాయి. మంచి కాగితం, రంగుల అట్ట. పెద్దాయన గుర్రం పేరు కూడా రాస్తారు గానీ, దానికి గడ్డి కోసినవాడి పేరు రాయరు.

పాత నోట్లు, పద్దు పుస్తకాలు అటకల మీద ఉన్న ఇళ్లు ఈ ప్రాంతంలో ఇంకా ఉన్నాయి. పరువు పోతుందనుకుంటే మీ ఇంటిపేరు కొట్టేసి నకలు పంపండి. జీతగాళ్ల పేర్లు, వాళ్ల తండ్రుల పేర్లు, అప్పు ఎంతో, ఎందుకు తీసుకున్నారో ఉన్నది ఉన్నట్టు ఉంచండి. వచ్చే సంచిక నుంచి రెండు పేజీలు వాటికే.