కనబడని గ్రంథపాలకుడు

నేను న్యాయస్థానముల గడపలు త్రొక్కనారంభించి యిరువది యేండ్లు దాటినది. ఈ కాలమున నేర్చిన పాఠములలో మొదటిది చట్టమును గూర్చినది కాదు. కక్షిదారుడు వచ్చి మొదట చెప్పు మాట అతని యసలు వ్యాజ్యము కాదనునదియే యా పాఠము. గట్టు తగవని చెప్పుచు వచ్చినవానిది తుదకు అన్నదమ్ముల పంపకపు తగవై తేలును. అప్పు పత్రమును గూర్చి యడుగవచ్చిన తల్లి మనసులో నున్నది కుమార్తె కాపురము. నాలుగు ప్రశ్నలు మెల్లగా వేసి ఆ లోపలి ప్రశ్నను వెలికి దీయలేనివాడు ఎన్ని శాసనములు కంఠస్థము చేసినను వకీలు కాజాలడు.

ఈ విద్య వకీళ్ల సొత్తు మాత్రమే కాదు. గ్రంథాలయమున బల్లవెనుక కూర్చుండి వచ్చినవారి సందేహములు తీర్చువానికిని ఇది కావలెను. ఆ బల్లయు, ఆ ముఖపరిచయమును లేక, ఎక్కడనో యుండి తెరమీది వ్రాత మూలముననే బదులు చెప్పు గ్రంథపాలకునికి ఇది రెట్టింపుగా కావలెను. అట్టివారి విద్య యెంతటిదో, వారి జీవనము నేడెట్లున్నదో మన పట్టణవాసు లాలోచింపవలసిన సమయము వచ్చినది. ఏలయన ఈ ప్రశ్న వారి జీతమునకు మాత్రమే చెందినది కాదు. సామాన్యునికి సత్యము ఎవరి చేతిమీదుగా అందవలెననునదియే యిందలి ప్రశ్న.

పాశ్చాత్యులు దీనిని వర్చువల్ రిఫరెన్సు సేవ యందురు. పేరు క్రొత్తదైనను పని సులభముగా బోధపడును. పాఠకుడు గ్రంథాలయమునకు రానక్కరలేదు. ఇంటనుండియో, అంగడినుండియో, కంప్యూటరు మీదనో, చేతిలోని ఫోను మీదనో తన ప్రశ్నను వ్రాసి పంపును. అవతల శిక్షణ పొందిన గ్రంథపాలకుడు అప్పటికప్పుడే గాని, ఈమెయిలు మూలమున కొంత సేపటికి గాని బదులిచ్చును. బదులనగా స్వంత అభిప్రాయము కాదు. ఏ గ్రంథమున, ఏ శాసనమున, ఏ ప్రభుత్వోత్తరువున ఆ విషయమున్నదో చూపుట; ఆ యాధారము నమ్మదగినదో కాదో తెలుపుట; మరల నట్టి యవసరము కలిగినపుడు పాఠకుడు తానే వెదకుకొను దారి నేర్పుట.

దీని మూలము పాతది. 1876లో అమెరికాలోని ఊస్టర్ పట్టణ గ్రంథపాలకులైన శామ్యూల్ గ్రీన్ గారు, పుస్తకములను కాచుటతోనే గ్రంథపాలకుని పని తీరదనియు, పాఠకునితో మాటాడి యతనికి కావలసినదానిని కనుగొనుటయు నతని విధియనియు ప్రతిపాదించిరి. మన దేశమున గణితోపాధ్యాయులుగా నుండి 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకులైన రంగనాథన్ గారు 1931లో ప్రకటించిన పంచసూత్రములలో పాఠకుని కాలమును కాపాడుట యొకటి. 1968లో రాబర్ట్ టేలర్ అను విద్వాంసుడు మనుష్యుని ప్రశ్న నాలుగు మెట్లు దిగి గ్రంథాలయమునకు వచ్చునని వివరించెను. మొదటిది మాటకందని వెలితి. రెండవది తనకు తాను తెలిసికొన్న యవసరము. మూడవది మాటలలో కూర్చుకొన్న ప్రశ్న. నాలుగవది ఆ గ్రంథాలయమున ఏమి దొరకునో ఊహించి, దాని కనుగుణముగా కత్తిరించి అడిగిన ప్రశ్న. గ్రంథపాలకుని చెవిని బడునది ఈ నాలుగవది. అతడు తీర్పవలసినది మొదటిది. నేను కక్షిదారులయొద్ద ఇరువది యేండ్లు నేర్చినది ఈ నాలుగు మెట్లే.

కొన్ని యేండ్ల క్రిందట ఒక పట్టణపు పఠన మందిరమున నేను పత్రికలు చూచుచుంటిని. ఊరి పేరుతో మనకు పనిలేదు. ఒక వృద్ధ రైతు వచ్చి, "అయ్యా, రిజిస్ట్రేషను చట్టం పుస్తకం ఉందా?" అని యడిగెను. అచటి యుద్యోగి తలయెత్తకయే, "అదిగో, ఆ బీరువాలో చూసుకో" అనెను. రైతు ఆ యింగ్లీషు పుస్తకమును కొంతసేపు ఒడిలో నుంచుకొని, పుటలు త్రిప్పి, మరల బీరువాలో పెట్టి లేచెను. నేను, "ఆ పుస్తకంతో మీకేం పని పడింది బాబాయిగారూ?" అంటిని. పాసుపుస్తకమున తండ్రి పేరులో ఒక అక్షరము తప్పుగా పడినదట. బ్యాంకువారు పంట అప్పు నిలిపివేసిరట. రిజిస్ట్రేషను చట్టములో దారి యున్నదని ఎవరో చెప్పిరట. అతనికి కావలసినది ఆ చట్టము కాదు, తహసీలుదారు కచేరిలో నీయవలసిన యొక దరఖాస్తు. రెండు ప్రశ్నలతో తేలిన సంగతి యిది. ఆ యుద్యోగిని నేను నిందింపను. మందిరమును ఊడ్చుట మొదలు తాళము వేయుటవరకు అన్నియు నతడే. రిఫరెన్సు విద్యను అతనికి నేర్పినవారు లేరు. పుస్తకమున్నది, అడుగువాడున్నాడు, నడుమ నుండవలసిన మనుష్యుడు లేడు. నష్టమంతయు నచటనే యున్నది.

ఎదుట నిలిచినవాని విషయమే యిట్లుండగా దూరముననున్నవాని మాట యేమి? ముఖాముఖిగా నున్నపుడు పాఠకుని నొసలు ముడివడుట చూచి అతనికి బోధపడలేదని గ్రహింపవచ్చును. తెరమీద నొసలు లేదు, కంఠస్వరము లేదు. ఉన్నవి నాలుగు మాటలు, అందు రెండు తప్పులు. బీరువాలో వెదకుచున్న గ్రంథపాలకుని పాఠకుడు కన్నులార చూచును గాన ఓపిక పట్టును. దూరముననున్నవానికి ఆ మౌనమే ఉపేక్షవలె తోచును, క్షణములో వెడలిపోవును. అందుచే వెదకుచు వ్రాయుచు, వ్రాయుచు వెదకుచు, నడుమ నడుమ తాను పనిలో నున్నట్లు తెలుపుచు, పాఠకుని చేయి విడువక నడపవలసియుండును. అమెరికా గ్రంథాలయ సంఘపు రిఫరెన్సు విభాగమువారు 1996లో తమ వృత్తికి ప్రవర్తన నియమములు ఏర్పరచి, 2004లో వానిని సవరించి దూరసేవకు గూడ వర్తింపజేసిరి. అందుబాటుగా నుండుట, శ్రద్ధ చూపుట, విని విచారించుట, వెదకుట, బదులు చాలినదో లేదో తుదకు మరల నడుగుట యను నైదును వారు చెప్పిన యంగములు. చదువుటకు తేలిక, ఆచరించుటకు ఏండ్ల సాధన కావలెను.

మరి రెండు ధర్మములు కలవు. ఒకటి రహస్యపాలనము. బల్లయెదుట నోరు విప్పలేనివారు తెరచాటున నడుగుదురు. రోగమును గూర్చి, అప్పును గూర్చి, భర్త కొట్టుటను గూర్చి యడుగుదురు. కక్షిదారుడు వకీలునకు చెప్పిన మాటను చట్టము కాపాడుచున్నది. గ్రంథపాలకునికి చెప్పిన మాటను ముఖ్యముగా అతని వృత్తిధర్మమే కాపాడవలెను. రెండవది హద్దెరుగుట. శాసనమును చూపవచ్చును గాని వ్యాజ్యము గెలుతువని చెప్పరాదు. వైద్యగ్రంథమును చూపవచ్చును గాని మందు నిర్ణయింపరాదు. ఎచట నాగవలెనో, ఎవరియొద్దకు పంపవలెనో యెరుగుట నిపుణుని లక్షణము.

ఈ సేవ విదేశములలో నడచిన తీరు మనకు పాఠము కాదగినది. 1995లో మిచిగన్ విశ్వవిద్యాలయమున జోసెఫ్ జేన్స్ గారును, వారి శిష్యులును ఇంటర్నెట్ పబ్లిక్ లైబ్రరీ అను భవనము లేని గ్రంథాలయమును స్థాపించిరి. గ్రంథాలయ శాస్త్ర విద్యార్థులును, స్వచ్ఛంద సేవకులును లోకము నలుమూలలనుండి వచ్చిన ప్రశ్నలకు బదులిచ్చిరి. ఎందరో యువకులకు అది పాఠశాలయయ్యెను. తరువాత డ్రెక్సెల్ విశ్వవిద్యాలయమునకు చేరి, 2015లో మూతపడెను. 2002లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారును, గ్రంథాలయముల సహకార సంస్థయైన ఓసీఎల్‌సీ వారును కలిసి క్వశ్చన్ పాయింట్ అను ఏర్పాటును నెలకొల్పిరి. ఒక యూరి గ్రంథాలయము రాత్రి తలుపులు మూసినపుడు ఆ యూరి ప్రశ్నకు మరియొక యూరి గ్రంథపాలకుడు బదులు చెప్పు పద్ధతి దానివలన విస్తరించెను. తా నెన్నడును చూడని యూరి గ్రంథాలయపు నిబంధనలను, ఆ యూరివారి యవసరములను ఎరిగి బదులు చెప్పుట సామాన్యమగు పని కాదు. 2019లో ఆ సహకార సేవ స్ప్రింగ్‌షేర్ అను సంస్థ వశమయ్యెను. స్వచ్ఛంద సేవ ఆరంభమునకు దీపమువంటిదని ఉద్యమములలో తిరిగినవాడనుగా నేనెరుగుదును. ఆ దీపమునకు నిత్యము నూనె పోయువాడు వేరుగా నుండవలెను. ఆ నూనె పేరే స్థిరమైన ఉద్యోగము.

ఇక నొక ఆక్షేపణ. యంత్రమే బదులు చెప్పుచుండగా గ్రంథపాలకు డేల యని పలువు రడుగుచున్నారు. నా వృత్తిలో జరిగినదే చెప్పెదను. 2023లో న్యూయార్కు నగరపు ఫెడరల్ న్యాయస్థానమున ఒక విమాన సంస్థమీది దావాలో వకీళ్లు ఆరు పూర్వ తీర్పులను ఉదాహరించిరి. ఆ యారును చాట్ జీపీటీ కల్పించినవి. ఏ న్యాయమూర్తియు వానిని చెప్పియుండలేదు. తీర్పు నిజమైనదేనా యని ఆ యంత్రమునే యడుగగా నిజమే యని సాధించెను. న్యాయస్థానము ఆ వకీళ్లకును, వారి సంస్థకును కలిపి 5,000 డాలర్లు జరిమానా విధించెను. చదివిన వకీళ్లకే యిట్టి దుర్గతి పట్టినప్పుడు పాసుపుస్తకమున ఒక అక్షరము తప్పిన మన రైతు గతి యేమి? యంత్రము వేగము గలది, సందేహము లేదు. మంచి గ్రంథపాలకుని చేతిలో నది గొప్ప పనిముట్టు కూడ. కాని యంత్రము తరచుగా అడిగిన ప్రశ్నకే బదులు చెప్పి తృప్తిపడును. అడుగలేకపోయిన ప్రశ్నను పట్టుకొని, చెప్పిన బదులుకు బాధ్యత వహించువాడు మనుష్యుడే. తప్పు చెప్పినచో సిగ్గుపడువాడును అతడే.

అట్టి మనుష్యుని మనమెట్లు చూచుచున్నాము? నేనెరిగిన యొక యువతి గ్రంథాలయ శాస్త్రమున పై పట్టము పొంది, ఒక కళాశాలలో ఏటేటికి పొడిగింపబడు ఒప్పందముమీద పనిచేయుచున్నది. పగలంతయు పుస్తకముల లెక్క. రాత్రి పది గంటలకు విద్యార్థులు సందేశములు పంపుదురు. ఆమె తన స్వంత ఫోనుమీద, తన ఖర్చుతో బదులిచ్చును. పరిశోధన చేయు నొక విద్యార్థికి అవసరమైన పాత పత్రిక సంచికను మూడు రాత్రులు వెదకి మరియొక రాష్ట్రపు గ్రంథాలయమునుండి తెప్పించి యిచ్చినది. ఈ పని ఏ లెక్కలోను లేదు. ఆ వేసవిలో ఆమె ఒప్పందము రెండు నెలలు తెగిపోయెను. జీతము నిలిచిన యా రెండు నెలలును సందేశములు మాత్రము నిలువలేదు. నేను విచారింపగా ఆమె నవ్వి, "పిల్లలకు నా ఒప్పందం సంగతి తెలియదు గదండీ" అనెను. ఇట్టి ధర్మబుద్ధిని ఉచితముగా వాడుకొనుచుండుట మన సంఘమునకు మర్యాద కాదు.

ఈ వృత్తిలో నొక విశేషము కలదు. జరిగిన సంభాషణమంతయు వ్రాతలో నిలువగలదు. అడిగినవారి పేర్లు తొలగించి పెద్దలు వానిని చదివినచో ఎవరు చక్కగా విచారించిరో, ఎవరు తొందరపడిరో తేటపడును. కాబట్టి నైపుణ్యమును కొలుచుటకు మార్గము లేదనరాదు. సిఫారసుమీద గాక ఆ వ్రాతమీద ఉద్యోగోన్నతి నీయవచ్చును. సాక్ష్యము చేతిలో నుండగా తీర్పు చెప్పక జాగు చేయుచున్నవారము మనము.

తెలుగువారికి ఈ మాట క్రొత్తది కాదు. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో గ్రంథాలయ మహాసభ కూడినది. 1935లో పాతూరి నాగభూషణముగారు పడవమీద పుస్తకముల నెక్కించి కాలువగట్టు పల్లెలకు పంపిరి. పాఠకుడు రాలేనిచో గ్రంథాలయమే పోవలెనని వారు తలచిరి. నేటి కాలువ తంతులలో పారుచున్నది; పడవ నడుపు సరంగు మాత్రము లేడు. దూరమునుండి తెలుగులో బదులు చెప్పుట సాధ్యమా యందురా? 2004లో కేంద్ర ప్రభుత్వము కిసాన్ కాల్ సెంటర్లను నెలకొల్పి, రైతు తన భాషలోనే ఫోనుచేసి సేద్యపు సందేహమును తీర్చుకొను వీలు కల్పించినది. సేద్యమునకు సాధ్యమైనది చట్టమునకు, చదువునకు, ఆరోగ్యమునకు, చరిత్రకు అసాధ్యమేల యగును?

1960 నాటి గ్రంథాలయ చట్టము ననుసరించి మనము ఇంటిపన్నుతోబాటు గ్రంథాలయ సెస్సు చెల్లించుచున్నాము. కావున అడుగుటకు మనకు హక్కు కలదు. ప్రతి జిల్లా గ్రంథాలయ సంస్థయు శిక్షణ పొందిన రిఫరెన్సు గ్రంథపాలకుని నొక్కనినైనను స్థిరోద్యోగముగా నియమింపవలెను. ఫోనునను, వ్రాతమూలమునను తెలుగులో వచ్చు ప్రశ్నలకు బదులిచ్చుటయే అతని పనిగా నుండవలెను. సాయంకాలములను జిల్లాలు వంతులు వేసికొని పంచుకొనవలెను. ఈ పంపకమున రెండు తెలుగు రాష్ట్రములును చేయి కలుపవచ్చును. బదులిచ్చిన గంటలు పనిగంటలుగా లెక్కింపబడవలెను. ఇందుకు క్రొత్త భవనము లక్కరలేదు, శంకుస్థాపన లక్కరలేదు. బహుశః అందుచేతనే ఇది ఇంతవరకు ఎవరికిని తోచలేదు కాబోలు!

పఠన మందిరమున ఈ పత్రికను చదువుచున్న సోదరులారా! చదువుట ముగియగానే మీ గ్రంథపాలకునియొద్దకు పోయి మీ మనసులోని ప్రశ్న నొకదాని నడుగుడు. అతడు బీరువాను చూపునో, మిమ్ము కూర్చుండబెట్టి ఆ ప్రశ్న యెందులకని విచారించునో గమనింపుడు. విచారించినచో అతని జీతమెంత, ఉద్యోగము స్థిరమా కాదా యని మీరును విచారింపుడు. బీరువాను చూపినచో అతనిపై కోపింపక, అతనికి శిక్షణ యేల లేదని జిల్లా గ్రంథాలయ సంస్థవారి నడుగుడు. ఆ వృద్ధ రైతు పుస్తకమును బీరువాలో పెట్టి వట్టిచేతులతో మరల వెడలిపోకుండుటకు దారి యిదియే.