మాట పడిపోయినవారు

పక్షవాతము సోకిన మనుష్యునిగూర్చి మన జనులు చెప్పు మాటలు రెండు: కాలు చేయి పడిపోయినవి, మాట పడిపోయినది. మొదటిదానికి చికిత్స కలదని యందఱును నమ్ముదురు. తైలము మర్దింతురు, పావురపు నెత్తురు పూయుదురు, తుదకు వైద్యశాలకు గొనిపోయి ఫిజియోథెరపీ చేయింతురు. రెండవదానిని దైవమునకు వదలివేయుదురు. కొత్తగూడెము మొదలుకొని భద్రాచలపుటడవుల వఱకును గల యీ ప్రాంతమున, తక్కిన తెలుగుదేశమునందు వలెనే, కాలు కూడదీసికొని నడువ నేర్చియు మాట రాక మూల గూర్చున్న గృహయజమానులు కలరు. వీరికిని చికిత్స కలదు.

మెదడులోని రక్తనాళము మూసికొనిపోవుటచేతనో చిట్లుటచేతనో పక్షవాతము కలుగును. చాలమందికి భాషాస్థానము మెదడునకు ఎడమప్రక్క నున్నది. కుడిచేయి పడిపోయినవారికే తఱచుగా మాటయు పోవుటకు కారణమిదియే. పక్షవాతము వచ్చినవారిలో ఇంచుమించుగా మూడవవంతు మంది కీ లోపము కలుగును. వైద్యులు దీనిని అఫేసియా యందురు. 1861లో పారిస్ నగరమున బ్రోకా యను వైద్యుడు చూచిన రోగి ‘టాన్’ అను నొక్క శబ్దము తప్ప మఱియొకటి పలుకలేకుండెను. అయినను ఎదుటివారి మాట చాలవఱకు గ్రహించి సైగలతో బదులు చెప్పెడివాడు. మఱికొందఱు ధారాళముగా మాటలాడుదురు గాని యందర్థముండదు. ఇతరులు చెప్పునదియు వారికి చక్కగా తెలియదు. ఇట్టివారికి పిచ్చి యెత్తినదని మన వీధులలో తీర్పు చెప్పివేయుదురు.

ఈ తీర్పువలన కలుగు నష్టము మందుల ఖర్చుతో పోవునది కాదు. పెద్దాయన బుద్ధి పోయినదని నిశ్చయించి, ఆయన యెదుటనే ఆయన భూములనుగూర్చి మాటలాడుకొనుట, ఆయన కెఱిగింపకయే కాగితములపై వ్రేలిముద్ర వేయించుట మన పాఠకు లెఱుగని వింతలు కావు. 1925వ సంవత్సరపు భారత వారసత్వ చట్టము, 59వ సెక్షనున, చెవిటివారును మూగవారును గ్రుడ్డివారును తాము చేయుచున్న దేమో యెఱుగగలిగినచో మరణశాసనము వ్రాయ నర్హులేయని స్పష్టముగా చెప్పుచున్నది. 2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము అఫేసియాను పేరుపెట్టి పేర్కొన్నది. చట్టము గుర్తించిన మనుష్యుని ఇల్లు గుర్తింపకున్నది!

చికిత్స చూచుటకు పిల్లల యాటవలె నుండును. చికిత్సకుడు చెంబును చూపి పేరడుగును; రాకున్న ‘చెం’ అని యందించును; బొమ్మలను చూపి కావలసినది వ్రేలితో తాకించును; చిన్న వాక్యమును రాగమువలె సాగదీసి పలికించును. భార్య పేరు పలుకలేనివాడు బాల్యమునుండి పాడుచున్న రామదాసు కీర్తనను మాటలతో సహా పాడుట కలదు. రాముని మహిమ యందురు, మేము కాదనము. కాని అలవాటైన పాటలును, వారముల పేరులును, అంకెల వరుసయు మెదడునందు వేఱుదారిని వచ్చునని వైద్యుల తలంపు. ఈ దారి నవలంబించియే 1973లో అమెరికాలో రాగయుక్తమైన చికిత్స నొకదానిని కల్పించిరి. 2016లో 57 పరిశోధనలను క్రోడీకరించిన కాక్రేన్ సమీక్ష, చికిత్స పొందినవారు పొందనివారికంటె మాట, చదువు, వ్రాత లందు మెఱుగుపడిరని తేల్చినది. 2022లో ప్రకటితమైన మఱియొక పరిశీలనమున, మొత్తము 20 మొదలు 50 గంటల వఱకు చికిత్స పొందినవారికి అధికఫలము కనబడినది.

చిక్కంతయు నీ గంటలలోనే యున్నది. కొత్తగూడెమునుండి (ఇచ్చటి రైలు స్టేషనుకు భద్రాచలము రోడ్డని పేరైనను భద్రాచలము సుమారు 40 కిలోమీటర్ల దూరమున నున్నది) రాత్రి బండియెక్కి సికింద్రాబాదునకు పోయి, ఒకపూట చూపించుకొని వచ్చుటవలన మాట రాదు. వారమునకు నాలుగైదు దినములు, నెలల తరబడి సాధన జరుగవలెను. అది ఉన్నయూర జరుగవలసిన పని.

భాష సంగతియు కలదు. హైదరాబాదు నిమ్స్ వైద్యులు 608 మంది రోగులను పరిశీలించి 2016లో ప్రకటించిన ఫలితములలో, ఒకటికంటె నెక్కువ భాష లెఱిగినవారిలో 40.5 శాతమునకును, ఒక్కభాషవారిలో 19.6 శాతమునకును మాత్రమే పక్షవాతానంతరము బుద్ధిశక్తి చెడక నిలిచినది. అఫేసియా మాత్రము రెండు వర్గములకును సమానముగానే వచ్చినది. కనుక తెలుగు, ఉర్దూ, లంబాడీ, కోయ భాషలు వినబడు నీ బొగ్గుగనుల పట్టణమునకు చికిత్సకుని యవసరము తక్కువ కాదు. పైగా కోయవృద్ధుని యెదుట పుస్తకపు తెలుగు బొమ్మలు పెట్టి, పేరు చెప్పలేకపోయెనని వ్రాసికొనుట చికిత్స యనిపించుకొనదు.

2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమున, పదునెనిమిదేండ్ల లోపువారికై జిల్లా కేంద్రములకు మాటల చికిత్సకుని స్థానమును ప్రభుత్వమే యేర్పరచినది. బిడ్డకు తగినది తాతకు తగదా? కొత్తగూడెమున 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల వెలసినది. సింగరేణి సంస్థకు స్వంత వైద్యశాల కలదు. ఈ రెండుచోట్లను, కాలుచేతుల చికిత్సతోపాటు మాట చికిత్సయు మంచముకడనే మొదలుపెట్టి, ఇంటికి పోయిన పిమ్మటను సాగునట్లు నియమము చేయవలెను. కోయ, లంబాడీ భాషలెఱిగిన స్థానిక యువజనులను సహాయకులుగా తర్ఫీదు చేయవలెను.

ఆ యేర్పాటు జరుగునంతవఱకు ఇంటివారు చేయదగినదియు కలదు. రేడియో, టీవీ కట్టివేసి, ఎదురుగా కూర్చుండి, ఒక్కసారి కొక్క ప్రశ్న వేయుడు. మనసులో పది లెక్కించునంతసేపు ఆగుడు. ఆయన మాటను మీరు పూర్తిచేయకుడు. భూమి పాసుపుస్తకమును ఆయన చేతికే యిచ్చి, ఏ చెక్కను ఎవరి కీయదలచెనో వ్రేలితో చూపుమనుడు. మఱునా డదే ప్రశ్న మఱల నడిగి, అదే వ్రేలు అదే చెక్కను చూపునేమో చూడుడు.